రాజపూజ్యం వేరు, ఆదాయం వేరు
(పెద్దల అధ్యయన తరగతి నుంచి ఈ త్రైమాసిక పాఠం)



ఉగాదినాడు మన గుడిలో పంచాంగ శ్రవణం జరిగేటప్పుడు పంతులుగారు ఒక్కొక్క రాశికీ నాలుగు అంకెలు చదువుతారు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మనలో చాలామందిమి మొదటి రెండూ చెవి ఒగ్గి వింటాం. వ్యయం ఎక్కువుంటే నిట్టూరుస్తాం, పక్కవారి రాశి మనకంటే బాగుంటే నవ్వుకుంటాం. ఆ తర్వాతి రెండు అంకెలు వచ్చేసరికి మన చూపు ఉగాది పచ్చడి వైపు పోతుంది.

ఆ రెండు అంకెల్లో పెద్ద విషయమే ఉంది. మన పెద్దలు రాబడిని ఒక గడిలో, గౌరవాన్ని ఇంకో గడిలో వేశారు. ఒకటి పెరిగితే రెండోది దానంతట అదే పెరుగుతుందని ఎక్కడా అనలేదు. ఒకే రాశికి ఆదాయం రెండు, రాజపూజ్యం ఏడు ఉండవచ్చు. అంటే మర్యాద దండిగా జరుగుతుంది, జేబు మాత్రం తేలికగానే ఉంటుంది. జాతకాల మీద నమ్మకం ఎవరికి ఎంత అన్నది వేరే సంగతి. ఈ లెక్క వేసే పద్ధతి మాత్రం మనందరికీ పనికొస్తుంది.

ఈ సంవత్సరం మా ఇంటికి ఆ లెక్క నేరుగా వచ్చింది. మేమిద్దరం ఉద్యోగస్థులమే. మాలో ఒకరికి మార్చిలో ప్రమోషన్ వచ్చింది. ఎవరికన్నది ముఖ్యం కాదు. నిన్నటిదాకా సీనియర్ మేనేజర్, ఇవాళ డైరెక్టర్. కాగితం మీద పేరు మారింది, మెయిల్ కింద సంతకం మారింది. జీతం మారలేదు. ఈ ఏడాది బడ్జెట్ లేదన్నారు. చేస్తున్న పని చేస్తుండగానే ఇంకో బృందం బాధ్యత వచ్చింది, దానితోపాటు వారానికి మూడు రాత్రులు ఇండియా కాల్స్ వచ్చాయి.

వాట్సాప్‌లో అభినందనలు వస్తూనే ఉన్నాయి. ఊళ్ళో బంధువులు స్వీట్లు పంచారు. మాకేమో సంతోషపడాలో బాధపడాలో తెలియలేదు. మా అమ్మాయి భోజనాల దగ్గర ఖాళీ కుర్చీ చూసి, "డైరెక్టర్ అంటే డిన్నర్‌కి రాకూడదా?" అని అడిగింది. ఆ రాత్రి నాలుగు గడులు గీసి లెక్క వేసుకున్నాం. ఆదాయం సున్న. వ్యయం వారానికి మూడు సాయంత్రాలు. రాజపూజ్యం బాగానే ఉంది. అవమానం? అది ఎంత వేసుకోవాలో తేలలేదు. బయటకు చెబితే, "డైరెక్టర్ అయ్యి కూడా ఏడుపేనా" అంటారని సంకోచం.

తరగతిలో ఈ మాట ఎత్తాక తెలిసింది, ఇలాంటివాళ్ళం మేమొక్కరమే కాదని. నలుగురైదుగురు తమకూ ఇదే జరిగిందన్నారు. అందుకే గత మూడు నెలలు మనం ఇతిహాసాల్లోని పదవుల కథలను వరుసగా చదువుకున్నాం. ఆ చదువు సారం ఇది.

మొదటి పాఠం: సముద్రపు ఒడ్డున పట్టాభిషేకం

జీతం లేని హోదాకు వాల్మీకి రామాయణంలో గొప్ప ఉదాహరణ విభీషణుడు. అన్నను విడిచి, నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చాడు. సుగ్రీవుడు అనుమానించాడు, హనుమంతుడు మంచివాడే అన్నాడు, రాముడు అభయమిచ్చాడు. ఆ తర్వాత రాముడు లక్ష్మణుడితో సముద్ర జలం తెప్పించి, వానరులందరి నడుమ విభీషణుడిని లంకకు రాజుగా అభిషేకింపజేశాడు.

ఆ రోజు విభీషణుడి దగ్గర ఏముంది? లంక సముద్రానికి అవతల ఉంది. సింహాసనం మీద రావణుడు ఉన్నాడు. ఖజానా, సైన్యం, కోట అన్నీ అతనివే. అంటే విభీషణుడికి దక్కింది రాజు అనే పేరు మాత్రమే. ఇంతకంటే ఒట్టి హోదా ఉండదు.

ఆ పేరు పెట్టుకుని ఆయన ఏం చేశాడో చూడండి. తన అనుచరులను లంకకు పంపి ఏ ద్వారం దగ్గర ఎవరు కాపలా ఉన్నారో తెలుసుకొచ్చాడు. వానర వేషంలో వచ్చిన రావణుడి గూఢచారులను గుర్తుపట్టాడు. ఇంద్రజిత్తు నికుంభిలలో హోమం పూర్తి చేస్తే ప్రమాదమని హెచ్చరించాడు. రాజ్యం చేతికి రాకముందే రాజు చేయవలసిన పని మొదలుపెట్టాడు.

ఆయనకూ దిగులు పడిన రోజు ఒకటుంది. నాగాస్త్రానికి రామలక్ష్మణులు నేలకొరిగినప్పుడు విభీషణుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వీరి పరాక్రమాన్ని నమ్ముకుని నిలబడ్డాను, నా రాజ్యపు ఆశ ఇక పోయినట్టే అని బాధపడ్డాడు. సుగ్రీవుడు కౌగిలించుకుని ధైర్యం చెప్పాడు. ఈ ఘట్టం తరగతిలో చదివినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. భక్తుడికి కూడా ఇలా అనిపిస్తుందా అని. వాల్మీకి దాచలేదు. ఇచ్చిన మాట నెరవేరుతుందో లేదో అన్న బెంగ మనిషికి సహజం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చివరికి రావణ వధ జరిగాక రాముడు చేయించిన మొదటి పనుల్లో ఒకటి, లంకలో విభీషణుడికి మళ్ళీ అభిషేకం. మొదటిసారి పేరు, రెండోసారి రాజ్యం.

దీన్నుంచి మనం నేర్చుకునేది: ముందు పేరు, తర్వాత ఫలం అనే పద్ధతి తప్పేమీ కాదు. అది నిలబడటానికి కొన్ని ఆధారాలు కావాలి. ఇచ్చినవాడు మాట మీద ఉండేవాడై ఉండాలి. మాట నలుగురిలో ఇచ్చి ఉండాలి. పేరు ఎప్పుడు నిజమవుతుందో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఇవేవీ లేని చోట "ముందు టైటిల్ తీసుకో, తర్వాత చూద్దాం" అన్న మాటను విభీషణ పట్టాభిషేకంతో పోల్చుకోకూడదు.

రెండో పాఠం: పేరు వద్దన్నవాడి లెక్కలు

భరతుడిది దీనికి సరిగ్గా ఎదురు కథ. ఆయనకు రాజ్యం తయారుగా ఉంది, తల్లి సంపాదించి పెట్టింది. ఆయన ఆ పదవి వద్దన్నాడు. చిత్రకూటం వెళ్ళి అన్నను బతిమాలి, చివరికి పాదుకలు తెచ్చుకుని, నందిగ్రామంలో నారచీరలతో ఉండి 14 ఏళ్ళు పాలించాడు. ప్రతి రాచకార్యమూ ముందు పాదుకలకు విన్నవించేవాడు. పని మొత్తం ఆయనది, పేరు రాముడిది.

అయితే భరతుడి కథలో మనం సాధారణంగా చెప్పుకోని భాగం ఒకటి ఉంది. రాముడు తిరిగి వచ్చాక భరతుడు రాజ్యం అప్పగిస్తూ, ఖజానా, ధాన్యాగారం, సైన్యం చూసుకోమన్నాడు, అవన్నీ పదింతలయ్యాయని చెప్పాడు. ఆ పెరుగుదలను అన్న తేజస్సుకే అంటగట్టాడు, కానీ లెక్క మాత్రం చెప్పాడు. పేరు వద్దనుకున్నవాడు కూడా పని లెక్క దాచలేదు. వినయం అంటే చేసిన పని చెప్పకపోవడం అని మనలో చాలామందికి చిన్నప్పటినుంచీ అలవాటైంది. ఏడాది చివర్లో పని సమీక్ష రాసేటప్పుడు ఆ అలవాటు మనకు నష్టం చేస్తుంది. భరతుడిలా చెప్పవచ్చు: ఇదీ జరిగింది, ఇంత పెరిగింది, తోడ్పడినవారు వీరు.

ఇంకో చిన్న సంగతి. రామ పట్టాభిషేకం తర్వాత యువరాజుగా ఉండమని రాముడు ముందు లక్ష్మణుడినే అడిగాడు. లక్ష్మణుడు ఒప్పుకోలేదు. అప్పుడు భరతుడికి యౌవరాజ్యం ఇచ్చాడు. ఆ తర్వాత లక్ష్మణుడి స్థానం ఏమైనా తగ్గిందా? హోదాను కాదనడం కూడా ఒక మార్గమే. అది అలిగి కాదనడం కాకూడదు, ఆలోచించి కాదనడం కావాలి.

మూడో పాఠం: అంగరాజ్యం ఖరీదు

మహాభారతం ఆదిపర్వంలో కురుకుమారుల అస్త్ర విద్యా ప్రదర్శన జరుగుతున్నప్పుడు కర్ణుడు వచ్చి అర్జునుడిని సవాలు చేశాడు. కృపాచార్యుడు కులమేమిటి, వంశమేమిటి అని అడిగేసరికి కర్ణుడు తల దించుకున్నాడు. అక్కడికక్కడే దుర్యోధనుడు అతడిని అంగదేశానికి రాజును చేశాడు. కర్ణుడు దీనికి బదులుగా ఏమివ్వాలని అడిగాడు. దుర్యోధనుడు స్నేహం కావాలన్నాడు.

వినడానికి ఎంత చిన్న కోరిక! ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి జన్మ రహస్యం చెప్పి, పాండవుల పక్షానికి వస్తే రాజ్యమే నీదన్నప్పుడు, కర్ణుడు రాలేనన్నాడు. దుర్యోధనుడి ఋణం అంతగా కట్టేసింది. కర్ణుడి కృతజ్ఞతను మనం తక్కువ చేయనక్కర్లేదు, అది అతని గొప్పతనం. కానీ ఆ పదవి ఇచ్చినవాడు ఎందుకిచ్చాడు? ఆ క్షణంలో అర్జునుడికి ఎదురు నిలిచే మనిషి అతనికి కావాలి.

మనకు హోదా ఇచ్చేవారు దుర్యోధనులని కాదు ఈ పోలిక. హోదా ఇచ్చేవారికి ఒక అవసరం ఉంటుంది, అంతే. ఎవరైనా మానేస్తే ఆ బాధ్యత ఎవరో ఒకరు మోయాలి. మనం వేరే చోటికి వెళ్ళకుండా చూసుకోవాలి. బయటి కస్టమర్ల ముందు పెద్ద పేరున్న మనిషి కూర్చోవాలి. ఆ అవసరం ఏమిటో తెలిస్తే, మన వైపు నుంచి ఎంతవరకు ఇవ్వగలమో కూడా తెలుస్తుంది. అవుననే ముందు కర్ణుడు అడిగిన ప్రశ్న మనమూ అడగాలి: దీనికి బదులుగా మీకేం కావాలి? జవాబు "కొంచెం సహకారం" అని వస్తే, ఆ కొంచెం ఎంతో గంటల్లో చెప్పించుకోవాలి.

గీత ఏమంటుంది, ఏమనదు

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం గుర్తుచేస్తారు. ఫలం ఆశించకు, పని చేసుకుపో అంటారు. అది సగం అర్థమే. ఆ శ్లోకంలో నాలుగు మాటలున్నాయి. పని చేయడంలో నీకు అధికారం ఉంది. ఫలాల మీద లేదు. ఫలానికి నువ్వే కారణమనుకోకు. పని మానేయడం మీద మనసు పెట్టకు.

ఇక్కడ అధికారం అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. తెలుగులో అధికారం అంటే పెత్తనం, అధికారి అంటే ఆఫీసరు. వేదాంత గ్రంథాల్లో అధికారి అంటే అర్హత ఉన్నవాడు, ఆ విద్యకు తయారైనవాడు. కాగితం మీద వచ్చేది మొదటి అర్థం. మనం సంపాదించుకోవలసింది రెండోది. డైరెక్టర్ అని రాసిన రోజున మొదటిది వస్తుంది. ఆ బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి తన తప్పును భయం లేకుండా మన దగ్గరికి వచ్చి చెప్పిన రోజున రెండోది వచ్చినట్టు.

నాలుగో మాట కూడా ముఖ్యం. పేరొక్కటే ఇచ్చి సరిపెట్టారన్న కోపంతో పని మీద నుంచి మనసు తీసేయడం మనకు సులువుగా పట్టే జబ్బు. కుర్చీలో కూర్చునే ఉంటాం, పని మాత్రం మానేసి ఉంటాం. అది కంపెనీకి ఎంత నష్టమో చెప్పలేం గాని, మన పనితనానికి మాత్రం తుప్పు పట్టిస్తుంది.

ఇక ఆ శ్లోకం అననిది: నీ జీతం అడగకు అని అది ఎక్కడా అనలేదు. ఫలం మన చేతిలో లేదన్నది నిజం. అడగడం మాత్రం పనిలో భాగమే. దీనికి రామాయణంలోనే సాక్ష్యం ఉంది. చిత్రకూటంలో రాముడు భరతుడిని రాజ్యపాలన గురించి వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. అందులో ఒకటి, సైన్యానికి తిండీ జీతమూ తగినంతగా, వేళకు, ఆలస్యం లేకుండా ఇస్తున్నావా అని. ఆలస్యమైతే కొలువులో ఉన్నవారు యజమాని మీద కోపగిస్తారని, అది పెద్ద అనర్థానికి దారి తీస్తుందని కూడా చెబుతాడు. అడవిలో నారచీరలు కట్టుకుని, తండ్రి మరణవార్త ఇంకా చెవిన పడకముందే, రాముడు తలచుకున్న విషయాల్లో కొలువు చేసేవారి జీతం ఒకటి! జీతం మాట ఎత్తడం అధర్మమని ఇక ఎవరూ అనకూడదు.

ఈ దేశంలో తెలిసి ఉండవలసినవి

తరగతిలో కొందరు అమెరికా పద్ధతుల గురించి అడిగారు. క్లుప్తంగా చెప్పుకుందాం.

ఒకటి, ఓవర్‌టైమ్. మేనేజర్ అని పేరు పెట్టినంత మాత్రాన ఓవర్‌టైమ్ హక్కు పోదు. కేంద్ర కార్మిక నిబంధనల ప్రకారం ఉద్యోగం పేరు ఒక్కటే దేన్నీ తేల్చదు, చేసే పనీ జీతమూ చూడాలి. మేనేజర్ కోవలోకి రావాలంటే ముఖ్యమైన పని నిర్వహణే అయి ఉండాలి, కనీసం ఇద్దరి పనిని చూడాలి, ఉద్యోగంలోకి తీసుకోవడం తీసేయడం విషయాల్లో మాట చెల్లాలి. జీతం వారానికి 684 డాలర్లకు తగ్గకూడదు. 2024లో ఈ మొత్తాన్ని పెంచారు గాని, అదే సంవత్సరం నవంబరులో టెక్సస్ కోర్టు ఆ పెంపును కొట్టేసింది. కొన్ని రాష్ట్రాల్లో ఈ మొత్తం ఇంకా ఎక్కువ. దుకాణాల్లో, హోటళ్ళలో పనిచేస్తున్న మన పిల్లలు "అసిస్టెంట్ మేనేజర్" అన్న పేరు చూసి మురిసిపోయే ముందు ఇది తెలుసుకోవాలి.

రెండు, వీసా. హెచ్1బీ మీద ఉన్నవారికి పేరు మాత్రమే మారి పని అదే అయితే సాధారణంగా చిక్కు ఉండదు. పని స్వరూపమే మారిపోతే కంపెనీ సవరించిన దరఖాస్తు వేయవలసి రావచ్చు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు కొత్త పని పాత పనికి ఎంత దగ్గరగా ఉందో చూసుకోవాలి. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. ఒక పేరు కోసం ఏళ్ళ నిరీక్షణను చిక్కుల్లో పెట్టుకోవద్దు.

మూడు, కాగితం. జీతం ఇప్పుడు పెరగదంటే మళ్ళీ ఎప్పుడు చూస్తారో తేదీ అడగండి. కొత్త హోదాకు జీతపు శ్రేణి ఎంతో, అందులో మీరు ఎక్కడున్నారో అడగండి. పాత పనుల్లో ఏవి వేరొకరికి వెళతాయో అడగండి. జవాబులు మెయిల్‌లో రాయించుకోండి. కోపంగా కాదు, "మనం మాట్లాడుకున్నది ఇదీ" అని మర్యాదగా మనమే రాసి పంపితే సరిపోతుంది.

పెద్దాయన మాట

మా ఇంటి పెద్దాయన గుంటూరు జిల్లాలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. సంగతి ఫోన్‌లో చెబితే నవ్వారు. "నేను నాలుగేళ్ళు ఇన్‌ఛార్జి హెడ్మాస్టరునే. పూర్తి అదనపు బాధ్యతలు అనేవాళ్ళు. బాధ్యతలు పూర్తి, జీతం పాతదే. మీ అమ్మ రోజూ తిట్టేది. ఆ నాలుగేళ్ళలో స్కూలుకి ప్రహరీ గోడ వచ్చింది, ఆడపిల్లలకి మరుగుదొడ్లు వచ్చాయి. సంతకం నాది కాబట్టే వచ్చాయి" అన్నారు. కాసేపాగి ఇంకో మాట కూడా అన్నారు. "కానీ నేను ఒక్కసారి కూడా పైకి రాసి అడగలేదు. అది మాత్రం తప్పే. నువ్వు అడుగు."

ఆ రెండు మాటలూ కలిపితేనే మన పాఠం పూర్తవుతుంది. వచ్చిన పేరుతో ఏ గోడ కట్టగలమో చూడాలి. రావలసినది రాసి అడగాలి.

మేము అడిగాం. ఈ ఏడాది డబ్బు రాలేదు. సెప్టెంబరులో మళ్ళీ చూస్తామని మెయిల్‌లో రాసిచ్చారు. మూడు రాత్రి కాల్స్ ఒకటికి తగ్గాయి, మిగిలిన రెండూ ఉదయానికి మారాయి. సెప్టెంబరులో ఏమవుతుందో తెలియదు. ఈలోగా భోజనాల దగ్గర కుర్చీ వారంలో ఒక్కరోజే ఖాళీగా ఉంటోంది. వ్యయం గడి కొంత దిగింది. అవమానం గడిలో ఏ అంకె వేయాలా అని ఇప్పుడు ఆలోచించడం లేదు.

గుడిలో మన హోదాలు

చివరగా మన గురించి మనం. మన సొసైటీలోనూ పదవులున్నాయి: అధ్యక్షులు, కార్యదర్శులు, కమిటీ చైర్‌లు. అన్నదానం అయ్యాక పెద్ద గిన్నెలు తోమేవారికి, చెప్పుల స్టాండు సర్దేవారికి, కల్యాణం ముందు రోజు అర్ధరాత్రి దాకా పూలు గుచ్చేవారికి ఏ పేరూ లేదు. పదవి ఇచ్చి పని మీద పడేసి, తోడు నిలబడని అలవాటు మనకూ ఉంది. గత ఏడాది ఒక కమిటీకి చైర్‌గా ఒప్పుకున్నవారు ఒంటరిగా ఎంత మోశారో మనకు తెలుసు. కంపెనీలను అడిగే ప్రశ్నే మనల్నీ అడగాలి. పేరు ఇచ్చినప్పుడు చేతులు కూడా ఇస్తున్నామా?

ఇంట్లో మాట్లాడుకోవడానికి

ఈ త్రైమాసికంలో ఒక ఆదివారం భోజనాల దగ్గర వీటిలో ఏదో ఒకటి పిల్లలతో కలిసి మాట్లాడుకోండి.

1. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. అమ్మ ఉద్యోగానికి, నాన్న ఉద్యోగానికి, పిల్లల స్కూల్ క్లబ్బు పదవులకు ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం వేయండి. ఎవరి అంకె చూసి ఎవరికి ఆశ్చర్యం కలిగింది?

2. విభీషణుడు, భరతుడు, లక్ష్మణుడు, కర్ణుడు. ఈ నలుగురిలో మీరిప్పుడు ఎవరి స్థితిలో ఉన్నారు? ఎందుకు?

3. మన ఇంట్లో పేరు లేకుండా పని చేస్తున్నది ఎవరు? ఈ వారం ఆ పనికి ఎవరు చేయి వేస్తారు?

4. వచ్చే ఏడాది పని సమీక్షలో భరతుడిలా చెప్పడానికి మీ దగ్గర ఉన్న లెక్క ఏమిటి? మూడు వాక్యాల్లో రాయండి.

రాసుకున్నవి వచ్చే తరగతికి తీసుకురండి. చదివి వినిపించడం మీ ఇష్టం. కాఫీ, పులిహోర మాత్రం అందరికీ ఉంటాయి.

శుభం.